లాడ్జిలో చేసిన రెండున్నరేళ్ళు దాచి, చేయని ఉద్యోగం రెజ్యూమెలో పెట్టొచ్చా?

ముందు నువ్వు అడిగింది నాకు అర్థమైనంత వరకు చెప్తాను. 2021లో తిరుపతిలో బీటెక్ మెకానికల్ పూర్తయింది. ఇంట్లో ఇబ్బందుల వల్ల 2022 జనవరి నుంచి 2024 జూన్ దాకా రైల్వే స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో రిసెప్షన్ చూసుకున్నావు. తర్వాత బెంగళూరులో ఆరు నెలలు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చేశావు. అప్పటి నుంచీ అప్లై చేస్తూనే ఉన్నావు. ఫ్రెషర్ అంటే పాస్ అయిన ఏడు చూసి వద్దంటున్నారు, ఎక్స్‌పీరియన్స్ అంటే లేదు. ఇప్పుడొక కన్సల్టెన్సీ వాళ్ళు 70 వేలు ఇస్తే మూడేళ్ళ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తామన్నారు. ఆఫర్ లెటర్, పేస్లిప్పులు, రిలీవింగ్ లెటర్, ఫోన్ చేస్తే మాట్లాడే హెచ్ఆర్, అన్నీ వాళ్ళే చూసుకుంటారు. నీ రూమ్మేట్లు ఇద్దరు అలాగే ఉద్యోగాల్లో చేరారు. "అందరూ చేసేదే కదా మేడం, లాడ్జి అని రాస్తే నవ్వుతారు" అన్నావు.

పెట్టొద్దు నాయనా. నువ్వు అనే పిలుస్తాను, మా అబ్బాయి వయసు నీది.

నేను 23 ఏళ్ళు హెచ్ఆర్‌లో పనిచేశాను. పద్నాలుగేళ్ళు బెంగళూరులో, ఆ తర్వాత శ్రీసిటీలో. కొత్తగా చేరేవాళ్ళ పాత ఉద్యోగాల వివరాలు సరిచూసే పని ఎక్కువగా నా చేతుల మీదుగానే జరిగింది. మీరందరూ బీజీవీ అనేది అదే.

మొదట ఒక మాట ఒప్పుకోవాలి. నీ కోపంలో న్యాయం ఉంది. ఆరు నెలల్లో నేర్పించగలిగే పనికి "కనీసం రెండేళ్ళ అనుభవం" అని ప్రకటన ఇచ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను. వేల అప్లికేషన్లు వస్తాయి, చదివే తీరిక ఉండదు, అందుకని ఒక గీత గీస్తాం. ఆ గీతకు అవతల నీలాంటివాళ్ళు ఎంతమంది ఉండిపోతారో అప్పట్లో నేను ఆలోచించలేదు. అది మా తప్పే. ఈ కన్సల్టెన్సీల వ్యాపారం నడిచేది కూడా ఆ గీత మీదే. కానీ ఆ గీత దాటించడానికి వాళ్ళు ఇస్తానంటున్న వస్తువు ఏమిటో నువ్వు దగ్గరగా చూడాలి.

బీజీవీ అంటే పాత కంపెనీకి ఒక ఫోన్ చేయడమే అని చాలామంది అనుకుంటారు. ఫోన్ చివరి పని. మొదట చూసేది పీఎఫ్. 2014 నుంచి ఉద్యోగికి ఎన్ని కంపెనీలు మారినా యూఏఎన్ అనే పీఎఫ్ నంబరు ఒక్కటే ఉంటుంది. ఏ కంపెనీలో ఏ తేదీన చేరాడు, ఏ తేదీన మానేశాడు, ఏ నెలకు ఎంత జమ అయింది, అన్నీ అందులో ఉంటాయి. చేరేటప్పుడు నీతోనే ఆ నంబరు రాయించుకుని సంతకం తీసుకుంటారు. ఒకసారి నా టేబుల్ మీదకు వచ్చిన పేస్లిప్పు ఇప్పటికీ గుర్తుంది. మంచి కాగితం, రంగుల లోగో. పీఎఫ్ కింద నెలకు 1,800 కోసినట్టు ఉంది. 15 వేల మీద 12 శాతం, లెక్క సరిగ్గానే ఉంది. పక్కన యూఏఎన్ అన్న గడి ఖాళీ. డబ్బు కోశారు, ఏ ఖాతాలో వేశారో లేదు. తర్వాతి పేజీ తిప్పితే ఏప్రిల్ నెలకు 31 రోజుల జీతం. ఆ పేస్లిప్పు తయారుచేసినవాడు క్యాలెండర్ కూడా చూసుకోలేదు. దాని మీద సంతకం మాత్రం ఆ అబ్బాయిది.

నీకు చెప్పిన కంపెనీ పేరు కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో కొట్టి చూడు. ఏ తేదీన రిజిస్టర్ అయింది, ఇప్పుడు నడుస్తోందా, మూసేశారా, ఉచితంగానే తెలుస్తుంది. 2023లో పుట్టిన కంపెనీలో 2022 నుంచి పనిచేసినట్టు లెటర్లు తెచ్చినవాళ్ళను చూశాను. చాలా పెద్ద కంపెనీలు అనుమానపు కంపెనీల జాబితా ఒకటి పెట్టుకుంటాయి. ఒక పేరు మీద నలుగురు దొరికితే ఆ పేరు అందులోకి ఎక్కుతుంది. ఈ రోజు నీకు అమ్మిన పేరునే వాళ్ళు రేపు ఇంకో వందమందికి అమ్ముతారు. ఆ వందమందిలో ఎవరు దొరికినా నీ ఫైలు మళ్ళీ బయటికి వస్తుంది, అప్పటికి నువ్వు చేరి రెండేళ్ళయినా సరే.

"మేం పీఎఫ్ కూడా కట్టిస్తాం, జీతం బ్యాంకులో వేసి చూపిస్తాం" అని ఎక్కువ డబ్బు అడిగేవాళ్ళూ ఉన్నారు. నీ డబ్బే నీ ఖాతాలోకి జీతంలా తిరిగొస్తుంది. అలా చేస్తే ఆ కంపెనీ పేరు నీ యూఏఎన్‌లోకి ఎక్కి కూర్చుంటుంది. పదేళ్ళ తర్వాత చేరే కంపెనీకి కూడా అది కనపడుతుంది. ఇంకో ముఖ్యమైన విషయం. 20 మంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట పీఎఫ్ కట్టాలి. మీ లాడ్జి పెద్దదైతే ఓనరు నీకు కట్టే ఉండొచ్చు, నువ్వు పట్టించుకుని ఉండకపోవచ్చు. ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరిచి చూడు. ఒకే నెలలో తిరుపతి లాడ్జిలోనూ, బెంగళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీలోనూ ఉద్యోగం చేసినట్టు రికార్డు ఉంటే ఏం చెప్తావు?

చిన్న కంపెనీలో నిజంగా పనిచేసి పీఎఫ్ లేనివాళ్ళు ఇది చదివి భయపడక్కర్లేదు. పీఎఫ్ లేకపోవడం తప్పు కాదు. జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు, అపాయింట్‌మెంట్ లెటర్, ఓనరు ఫోన్ నంబరు ఉంటే సరిపోతుంది. నేను అలాంటివాళ్ళను చాలామందిని తీసుకున్నాను.

చట్టం సంగతి కూడా చెప్తాను, కానీ భయపెట్టడానికి కాదు. దొంగ లెటర్ తయారుచేయడం ఫోర్జరీ, అది నకిలీదని తెలిసి అసలుదన్నట్టు ఇవ్వడం ఇంకో నేరం. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఇవి 336, 340 సెక్షన్లు, మోసం 318. పాత చట్టంలో 420 అనేవాళ్ళం కదా, అదే. చాలా కంపెనీలు పోలీసుల దాకా వెళ్ళవు, పంపించేసి ఊరుకుంటాయి. ఆ మాట నేను దాచను. అయితే ఇదే లెటర్ రేపు విదేశీ వీసా ఫైల్లో పెడితే కథ వేరు. తప్పుడు వివరాలిచ్చారని తేలితే కెనడా ఐదేళ్ళు రానివ్వదు. అమెరికా అయితే జీవితాంతం తలుపు మూసేయగలదు, ప్రత్యేక మినహాయింపు దొరికితే తప్ప. నీ ప్రశ్నలో ఆన్‌సైట్, అంటే కంపెనీ తరఫున విదేశానికి వెళ్ళడం, అన్న మాట ఉంది కాబట్టి ఇది చెప్తున్నాను.

ఇవన్నీ దొరికిపోవడం గురించి. దొరకని రోజులు ఎలా గడుస్తాయో నీ రూమ్మేట్లను అడుగు, కానీ నలుగురిలో అడగొద్దు, ఒంటరిగా ఉన్నప్పుడు అడుగు. మూడేళ్ళ మనిషి అని తీసుకున్నాక మూడేళ్ళ మనిషి పనే ఇస్తారు. రాత్రి పదింటికి ఎవరికో ఫోన్ చేసి, స్క్రీన్ చూపించి, "జాబ్ సపోర్ట్" పేరుతో నెలనెలా జీతంలో కొంత వాళ్ళకు ఇచ్చి పని పూర్తి చేయించుకునే పిల్లలు నాకు తెలుసు. టీమ్‌లో ఎవరైనా "నీ పాత కంపెనీలో ఇది ఎలా చేసేవాళ్ళు?" అని మామూలుగా అడిగినా గుండె ఆగినంత పనవుతుంది. తెలియనిది తెలియదని అడిగి నేర్చుకునే అవకాశం ఫ్రెషర్‌కు ఉంటుంది. వీళ్ళు దాన్ని డబ్బిచ్చి మరీ పోగొట్టుకున్నారు.

ఒక అబ్బాయి సంగతి చెప్పాలి. పేరు, కంపెనీ చెప్పను. శ్రీసిటీలో నేను పనిచేసిన చోట క్వాలిటీ విభాగంలో చేరాడు, రెండేళ్ళ అనుభవం చూపించి. పని బాగానే నేర్చుకుంటున్నాడు, సూపర్‌వైజరుకు వాడంటే ఇష్టం. ఐదో నెలలో బీజీవీ రిపోర్టు వచ్చింది, ఎర్ర గుర్తుతో. పాత కంపెనీ ఉన్న చిరునామాలో జెరాక్స్ షాపు ఉందట. వాణ్ణి పిలిచి కూర్చోబెట్టాను. వాదించలేదు, ఏడవలేదు. ఐడీ కార్డు తాడు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చున్నాడు. కాగితాల మీద సంతకాలయ్యాక ఒక్కటే అడిగాడు.

"మేడం, కంపెనీ బస్సుకు ఈ నెల డబ్బులు కోసేశారు కదా. నెలాఖరు దాకా బస్సులో రావచ్చా?"

ఎందుకు బాబూ అన్నాను. ఇంట్లో ఎలా చెప్పాలో తెలియడం లేదట. రోజూ పొద్దున అదే టైముకు తిరుపతిలో బస్సెక్కి, ఇక్కడ గేటు బయట దిగి, సాయంత్రం దాకా ఎక్కడో ఒకచోట కూర్చుని, మళ్ళీ బస్సెక్కి వెళ్తాడట. చెల్లెలి పెళ్ళి కుదిరింది, ఆ నాలుగు వారాలు గడిస్తే చాలన్నాడు. రూల్స్ ఒప్పుకోవని చెప్పి కార్డు తీసుకున్నాను. అందులో నా పని నేను చేశాను, కానీ ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు. వాడు నిజానికి అంతకుముందు ఏడాదిన్నర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేశాడు. సీజన్లో తోతాపురి లారీలు క్యూ కట్టినప్పుడు లోడు లోడుకీ శాంపిల్ తీసి తీపి శాతం కొలిచి రిజిస్టరులో రాసేవాడు. అది క్వాలిటీ పనే! ఆ రిజిస్టరు గురించి ఇంటర్వ్యూలో చెప్పి ఉంటే నేనే తీసుకునేదాన్ని. ఎవరో "ఫ్యాక్టరీ కూలీ అనుకుంటారు, రాయొద్దు" అన్నారట. ఉన్న అనుభవం చెరిపేసి లేనిది కొనుక్కున్నాడు.

నీ సంగతి కూడా నాకు అలాగే కనపడుతోంది. మూడేళ్ళ దొంగ అనుభవం పెట్టాలంటే ముందు లాడ్జిలో నువ్వు నిజంగా బతికిన రెండున్నరేళ్ళు మాయం చేయాలి. ఆ రెండున్నరేళ్ళలో ఏముందో నువ్వు కూర్చుని చూసుకున్నట్టు లేదు. నేను చూస్తాను.

2022 జూలై 18 గుర్తుందా? అప్పటిదాకా రోజుకు వెయ్యి రూపాయల దాకా గదులకు జీఎస్టీ లేదు, వెయ్యి దాటితేనే 12 శాతం. ఆ రోజు నుంచి వెయ్యి లోపు గదులకూ 12 శాతం వచ్చింది. నువ్వు కౌంటర్లో ఉన్న రోజులవి. 17న దిగి 19న ఖాళీ చేసిన యాత్రికుడికి బిల్లు ఎలా వేశావు? కంప్యూటర్ పాత లెక్కే చూపిస్తే ఏం చేశావు? వెయ్యి రూపాయల గదికి, వెయ్యిన్నొక్క రూపాయల గదికి తేడా ఎక్కడ వచ్చేదో నీకు అలవాటుగా తెలుసు. నీ కోర్సులో బౌండరీ వాల్యూ టెస్టింగ్ అని, సరిగ్గా హద్దు దగ్గరి అంకెలు వేసి సరిచూడటం నేర్పించి ఉంటారు కదా. నువ్వు దాన్ని కౌంటర్ మీద, ఎదురుగా మనిషి నిలబడి అరుస్తుండగా చేశావు.

ఆన్‌లైన్ యాప్‌లో గది ఖాళీగా చూపిస్తుంది, మీ రిజిస్టరులో నిండి ఉంటుంది. గరుడ సేవ రోజు అర్ధరాత్రి డబ్బు కట్టి వచ్చిన కుటుంబం లగేజీతో నిలబడి ఉంటుంది. ఆ తప్పు ఎక్కడ మొదలైందో వెతికి పట్టుకుని, యాప్ వాళ్ళకు స్క్రీన్‌షాట్లు పంపి, ఎన్నింటికి బుక్ అయింది, ఎన్నింటికి మనం నింపాం అని రాసి పంపించిందెవరు? నువ్వే అయ్యుంటావు. దాన్ని టెస్టింగ్ వాళ్ళు బగ్ రిపోర్ట్ అంటారు. నువ్వు ఉన్న రోజుల్లో విదేశీయులు దిగితే 24 గంటల్లో వాళ్ళ వివరాలతో ఫారం-సి ఆన్‌లైన్‌లో పంపాల్సి ఉండేది, అది కూడా నువ్వు చేసి ఉంటే రాయి. గడువు దాటకుండా ప్రభుత్వ పోర్టల్‌లో సరైన వివరాలు ఎక్కించడం చిన్న పనేమీ కాదు.

కాబట్టి రెజ్యూమెలో ఇలా పెట్టు: ఫ్రంట్ ఆఫీస్ ఎగ్జిక్యూటివ్, లాడ్జి పేరు, తిరుపతి, 2022 జనవరి నుంచి 2024 జూన్. మీ ఓనరు నిన్ను మేనేజర్ అని పిలిచి ఉంటే, అలా లెటర్ ఇస్తానంటే మేనేజర్ అని రాసుకో, లేకపోతే వద్దు. కింద నాలుగు లైన్లు చాలు. ఎన్ని గదులు, పండగ రోజుల్లో రోజుకు ఎన్ని చెకిన్లు, ఏ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడావు, పన్ను మారినప్పుడు ఏం సరిచూశావు, ఆన్‌లైన్ బుకింగ్ గొడవలు ఎలా తేల్చావు. అంకెలు నిజమైనవి వేయి, గుర్తు లేకపోతే పాత రిజిస్టరు అడిగి చూసుకో. ఆ తర్వాత కోర్సు. ఆ తర్వాత నువ్వు సొంతంగా చేసినది ఏదైనా ఒకటి ఉండాలి, అది లేదని నీ ప్రశ్న చూస్తే అర్థమైంది. ఒక నెల తీసుకో. ఏదో ఒక హోటల్ బుకింగ్ సైట్ తెరిచి, మామూలు యాత్రికుడిలా వాడి చూస్తూ యాభై టెస్ట్ కేసులు రాయి. రాత్రి 11:50కి చెకిన్ అయితే ఏ తేదీ పడుతుంది, 24 గంటల చెకౌట్ ఉన్న చోట మధ్యాహ్నం చెకౌట్ అని చూపిస్తోందా, ఇద్దరు ఒకే గది ఒకేసారి నొక్కితే ఏమవుతుంది. ఇవి కోర్సు చేసినవాళ్ళందరికీ తట్టవు. నీకు తడతాయి.

అప్లై చేసే చోట్లు కూడా కొంచెం మార్చు. "టెస్టర్" అని కనపడిన ప్రతి ప్రకటనకూ పంపడం మానేసి, హోటళ్ళకు, బుకింగ్‌కు, బిల్లింగ్‌కు సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీలను వెతుకు. వాళ్ళ సపోర్ట్ టీముల్లో మొదలుపెట్టినా ఫర్వాలేదు, అక్కడి నుంచి టెస్టింగ్‌లోకి మారినవాళ్ళను నేను చూశాను. రేణిగుంట, శ్రీసిటీ వైపు క్వాలిటీ ఉద్యోగాలకు నీ మెకానికల్ డిగ్రీ కూడా పనికొస్తుంది, దాన్ని ఎందుకు మరిచిపోయావో తెలియలేదు. జీతం మొదట్లో నీ రూమ్మేట్లకంటే తక్కువే ఉంటుంది. సగం కూడా కావచ్చు. ఇంట్లో అప్పు ఉన్నవాడికి అది చిన్న విషయం కాదని నాకు తెలుసు. అయినా అదే చెప్తున్నాను.

గ్యాప్ గురించి అడుగుతారు, అడగనీ. "ఇంట్లో అవసరం ఉండి వెంటనే దొరికిన ఉద్యోగంలో చేరాను సార్, అక్కడ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌తో పడిన ఇబ్బందులే నన్ను టెస్టింగ్ వైపు తెచ్చాయి" అని చెప్పు. ఇది నిజమే అయితేనే చెప్పు. నవ్వేవాళ్ళు ఒకరిద్దరు ఉంటారు. ఇంటర్వ్యూ చేసేవాళ్ళలో చిన్నప్పుడు షాపులో కూర్చుని చదువుకున్నవాళ్ళు కూడా ఉంటారు, వాళ్ళు కుర్చీలో ముందుకు జరిగి వింటారు.

"కొంచెం" మార్చొచ్చా అని కూడా అడిగావు. లాడ్జి మానేసిన నెల జూన్ అయితే డిసెంబరు అని రాసి కోర్సు ఆరు నెలలు కప్పేయొచ్చా అని. వద్దు. తేదీలే మొదట సరిచూస్తారు. ఆ ఆరు నెలలు కోర్సు చేశానని చెప్పడంలో దాచుకోవాల్సింది ఏముంది? పాత జీతం పెంచి చెప్పడం కూడా అంతే, బ్యాంకు స్టేట్‌మెంటు అడుగుతారు. చెప్పడం ఇష్టం లేకపోతే "ఈ ఉద్యోగానికి నేను అనుకుంటున్నది ఇంత" అని మాత్రం చెప్పు, తప్పులేదు.

నీ రూమ్మేట్ల గురించి నువ్వు అడగలేదు కానీ, ఇది చదివేవాళ్ళలో అలాంటివాళ్ళు ఉంటారు. ఆఫర్ వచ్చి ఇంకా చేరకపోతే, చేరకండి. చేరి బీజీవీ ఇంకా తేలకపోతే, రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా మీరే హెచ్ఆర్ దగ్గరికి వెళ్ళి చెప్పండి, మెయిల్‌లో కూడా రాయండి. ఉద్యోగం నిలబడుతుందని నేను మాట ఇవ్వలేను, ఎక్కువసార్లు నిలబడదు. కానీ తనంతట తానే వచ్చి చెప్పినవాడికి రాజీనామా చేసి వెళ్ళే అవకాశం ఇచ్చిన సందర్భాలు నా చేతుల్లోనే ఉన్నాయి. రిపోర్టులో దొరికినవాడికి ఇవ్వలేకపోయాను. ఆ తర్వాత వేసే రెజ్యూమెలో ఆ దొంగ కంపెనీ పేరు మళ్ళీ రానివ్వకండి. ఒకసారి అబద్ధం ఆడాం కదా అని దాన్నే మోసుకుంటూ నాలుగు కంపెనీలు తిరిగినవాళ్ళు ఉన్నారు, నాలుగో చోట దొరికితే నిజంగా పనిచేసిన మూడు చోట్ల అనుభవాన్నీ ఎవరూ నమ్మరు.

కన్సల్టెన్సీకి అడ్వాన్స్ ఏమైనా ఇచ్చావా? ఇచ్చి ఉంటే అడుగు, ఇస్తారన్న ఆశ మాత్రం పెట్టుకోకు. నీ ఆధార్, డిగ్రీ కాగితాలు వాళ్ళ దగ్గర ఉంటే ఒరిజినల్స్ తప్పకుండా వెనక్కి తెచ్చుకో. యూఏఎన్ పాస్‌వర్డ్ వాళ్ళకు తెలిస్తే ఈ రోజే మార్చు.

ఈ వారంలోనే లాడ్జికి వెళ్ళు. సాయంత్రం రద్దీ కాకుండా మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య వెళ్తే ఓనరు తీరిగ్గా ఉంటారు. లెటర్‌హెడ్ మీద నువ్వు చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా, చేసిన పని రాయించుకుని, స్టాంపు వేయించుకుని, ఫోన్ నంబరు కూడా కింద రాయమని అడుగు. ఆ నంబరుకు ఎవరు ఫోన్ చేసినా అటువైపు మాట్లాడేది నిన్ను నిజంగా ఎరిగిన మనిషి. రాసిన రెజ్యూమె ఇక్కడే పెట్టు, లైను లైనూ చూసి చెప్తాను.